పాఠశాల ప్రాజెక్టు పని

పాఠశాల ప్రాజెక్టు పని అనగా విద్యార్థి ఒంటరిగా గాని, చిన్న బృందంతో గాని ఒక ప్రశ్నను ఎంచుకొని, దానికి కావలసిన సమాచారాన్ని స్వయంగా సేకరించి, ఫలితాన్ని నివేదికగా రాసి, ఇతరుల ముందు వివరించే విద్యా కార్యక్రమం. తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లో దాదాపు అన్ని సబ్జెక్టులలోనూ ఇది అభ్యసనంలో భాగం. చార్టులు, నమూనాలు, ప్రయోగ పరికరాలు ప్రాజెక్టును చూపడానికి ఉపయోగపడే సాధనాలు. వాటి వెనుక పిల్లవాడు అడిగిన ప్రశ్న, ఆ ప్రశ్న కోసం అతడు చేసిన పరిశీలన ఉన్నప్పుడే అది ప్రాజెక్టు అవుతుంది. అంశం ఎంపికలో పెద్దలు చేసే సహాయం మీదనే తరువాతి పని చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసంలో అంశం ఎంపిక మొదలు సమర్పణ వరకు గల దశలు సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట్ ఉదాహరణతో వివరించబడినవి.

చరిత్ర

ప్రాజెక్టు పద్ధతికి విద్యా రంగంలో విస్తృత ప్రచారం తెచ్చినవాడు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం హెర్డ్ కిల్‌ప్యాట్రిక్. ఆయన 1918లో ఈ పద్ధతిపై ప్రచురించిన వ్యాసం ప్రసిద్ధి చెందినది. జాన్ డ్యూయీ భావాలు దీనికి పునాది. పిల్లవాడు తనకు అర్థమున్న పనిని మనస్ఫూర్తిగా చేసినప్పుడే నిజమైన అభ్యసనం జరుగుతుందన్నది దీని సారాంశం. తెలుగులో దీనిని ప్రకల్పనా పద్ధతి అని కూడా అంటారు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల పాఠ్యపుస్తకాల్లో దీనిని సందర్భ కల్పన, ఎంపిక, ప్రణాళిక, అమలు, మూల్యాంకనం, నమోదు అనే సోపానాలుగా బోధిస్తారు.

భారతదేశంలో 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో మహాత్మా గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీం కూడా చేతిపని ద్వారా చదువు అనే సూత్రం మీదనే నిలిచినది. దాని పాఠ్యక్రమాన్ని జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం రూపొందించినది. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 బడి చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టవలెనని సూచించినది.

తెలుగు రాష్ట్రాల పాఠ్యప్రణాళికలో స్థానం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధి పత్రం 2011 ఆధారంగా కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చినవి. వాటిలో సమాచార నైపుణ్యాలు, ప్రాజెక్టు పనులు అన్నది ఒక విద్యా ప్రమాణంగా చేర్చబడినది. తెలుగు వాచకాల్లో పాఠం చివర ప్రాజెక్టు పని అనే శీర్షిక కనిపిస్తుంది. నిరంతర సమగ్ర మూల్యాంకన విధానంలో ఉన్నత పాఠశాల స్థాయిలో నిర్మాణాత్మక మూల్యాంకనానికి 50 మార్కులు కేటాయించారు. వాటిలో పిల్లల భాగస్వామ్యానికి 10, రాతపనికి 10, ప్రాజెక్టు పనికి 10, లఘు పరీక్షకు 20.

2014-15 విద్యా సంవత్సరం నుండి పదవ తరగతిలో 80 మార్కులు ప్రభుత్వ పరీక్షకు, 20 మార్కులు అంతర్గత మూల్యాంకనానికి ఇవ్వడం మొదలైనది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంతర్గత మార్కులను 2019-20 నుండి తొలగించారు. తెలంగాణలో 2024 నవంబరులో తొలగింపు ప్రకటన వెలువడి, కొద్ది రోజులలోనే మరుసటి విద్యా సంవత్సరానికి వాయిదా పడినది. మార్కులు ఉన్నా లేకున్నా, ప్రాజెక్టుల ద్వారా అలవడే పరిశీలన, కొలత, సంభాషణ నైపుణ్యాలు వేరొక పరీక్షలో కనబడవు.

పాఠశాల వెలుపలి వేదికలు

జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖకు చెందిన జాతీయ శాస్త్ర సాంకేతిక ప్రసార మండలి దీనిని 1993లో దేశవ్యాప్త కార్యక్రమంగా ప్రారంభించినది. 10 నుండి 17 సంవత్సరాల వయసు గల బాలబాలికలు ఇందులో పాల్గొంటారు. ప్రధానాంశం సాధారణంగా రెండేళ్లకొకసారి మారుతుంది. 2004-05లో నీటి వనరులు, 2006-07లో జీవవైవిధ్యం, 2010-11లో భూ వనరులు, 2012-13లో శక్తి, 2014-15లో వాతావరణం ప్రధానాంశాలుగా ఉన్నవి. పిల్లలు తమ పరిసరాల్లోని సమస్యను తీసుకొని, అక్కడే అధ్యయనం చేసి, జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో సమర్పిస్తారు. మాతృభాషలో సమర్పించే వీలు ఉండడం దీని ప్రత్యేకత. ఖరీదైన ప్రయోగశాల అవసరం లేకపోవడం మరొక ప్రత్యేకత.

ఇన్‌స్పైర్ మానక్: ఇది కొత్త ఆలోచనలను ప్రోత్సహించే పథకం. ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు ఇస్తారు. ఇందులో పరిశీలన కంటె ఉపకరణ కల్పనకు ప్రాధాన్యం ఎక్కువ.

ఇవి కాక జన విజ్ఞాన వేదిక వంటి స్వచ్ఛంద సంస్థలు చెకుముకి పత్రిక ద్వారా, సైన్స్ సంబరాల ద్వారా బాలలలో శాస్త్రీయ దృష్టిని పెంచుతున్నవి.

అంశం ఎంపిక

ప్రాజెక్టులు దెబ్బతినేది ఎక్కువగా ఈ దశలోనే. "నీటి కాలుష్యం", "పర్యావరణ పరిరక్షణ", "ప్లాస్టిక్ భూతం" వంటివి శీర్షికలే గాని ప్రశ్నలు కావు. వీటిని తీసుకున్న పిల్లవాడు చేయగలిగినది పుస్తకం చూసి రాయడం, బొమ్మలు అంటించడం మాత్రమే. శీర్షికను ప్రశ్నగా మార్చినప్పుడు చేయవలసిన పని తనంతట తానే కనబడుతుంది. ఉదాహరణకు:

* నీటి సంరక్షణ - "మా బడి పైకప్పు మీద జూలై నెలలో ఎన్ని లీటర్ల వాన నీరు పడుతుంది?"
* నీటి వృథా - "మా వీధిలో కారుతున్న కుళాయిలు ఎన్ని? ఒక్కొక్క కుళాయి కింద బకెట్టు నిండడానికి ఎంతసేపు పడుతుంది?"
* చెత్త సమస్య - "మా పది ఇళ్లలో వారం రోజులలో తడి చెత్త ఎన్ని కిలోలు, పొడి చెత్త ఎన్ని కిలోలు?"
* దోమలు - "మా బస్తీలో నీరు నిలిచే చోట్లు ఎన్ని? వాటిలో ఎన్నింట దోమ లార్వాలు కనిపించినవి?"
* స్థానిక చరిత్ర - "మా వీధికి ఈ పేరు ఎట్లా వచ్చినది? ఈ సంగతి ఎంతమంది పెద్దలకు తెలుసు?"

పిల్లవానిచేత ఇటువంటి ప్రశ్న వేయించడానికి ఒక సులభమైన మార్గం ఉన్నది. ఇంటి నుండి బడి వరకు దారిలో తాను చూసిన పది సంగతులను అతనిచేత రాయించవలెను. వాటిలో తనకు ఆశ్చర్యం గాని, చిరాకు గాని కలిగించిన మూడింటిని గుర్తించమనవలెను. ఆ మూడింటిపై "ఎన్ని?", "ఎంత?", "ఎప్పటి నుండి?", "ఎందుకు అక్కడే?" అన్న ప్రశ్నలు అడగమనవలెను. మొదట "ఎందుకు" జోలికి పోకుండా "ఎన్ని", "ఎంత"లతో ప్రారంభించడం చిన్న తరగతుల వారికి అనుకూలం.

ఎంచుకున్న ప్రశ్నను ఈ క్రింది విధంగా సరిచూడవచ్చును.

* చేరువ: నడిచి వెళ్లి చూడగలిగిన చోట ఉన్నదా?
* కొలత: లెక్కించడానికి, తూచడానికి, కొలవడానికి లేదా మనుషులను అడిగి తెలుసుకోవడానికి వీలున్నదా?
* కాలం: ఇచ్చిన గడువులో పూర్తవుతుందా? వాన మీద ఆధారపడే అంశాన్ని వేసవిలో తీసుకొన్నచో పని సాగదు.
* ఖర్చు: ఇంట్లో ఉన్న వస్తువులతో సాధ్యమా?
* జవాబు: ముందుగా తెలిసిన జవాబు కాకుండా ఉన్నదా? పెద్దలకు కూడా జవాబు తెలియని ప్రశ్న అయితే మరింత మంచిది. అప్పుడు వారు చెప్పి రాయించే అవకాశం ఉండదు.

బన్సీలాల్‌పేట్ ఉదాహరణ

బన్సీలాల్‌పేట్ సికింద్రాబాదులో గాంధీ ఆసుపత్రి, భోలక్‌పూర్, కవాడిగూడ పరిసరాల్లోని జనసాంద్రత గల పాత బస్తీ. దీని పూర్వ నామం నాగన్నకుంట. 1930లలో ఇక్కడ ఆదర్శ బస్తీ నిర్మాణానికి ధనసహాయం చేసిన సేఠ్ బన్సీలాల్ పేరు మీద ప్రస్తుత నామం వచ్చినది. ఇక్కడి మెట్లబావి 17వ శతాబ్దానికి చెందినదిగా భావిస్తారు. ఒకప్పుడు జనానికి నీరిచ్చిన ఈ బావి కుళాయిలు వచ్చిన తరువాత నిరాదరణకు గురై, దశాబ్దాల పాటు మట్టితో, చెత్తతో పూడిపోయినది. ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ అనే సంస్థ, ప్రభుత్వ శాఖలు కలిసి పూడిక తీయించి పునరుద్ధరించగా, 2022 డిసెంబరు 5న దీనిని ప్రారంభించారు. అదే సంవత్సరం మార్చి 27న ప్రధానమంత్రి తన మన్ కీ బాత్ ప్రసంగంలో ఈ బావిని ప్రస్తావించారు.

పిల్లల ప్రాజెక్టుకు ఈ బావి చక్కని ఉదాహరణ. దీని లోతు గురించి, తీసిన పూడిక బరువు గురించి పత్రికల్లో వేరువేరు అంకెలు కనిపిస్తాయి. అందుచేత చూసి రాసుకోవడంతో పని ముగియదు. పిల్లలే కొలవవలసి వస్తుంది. తరగతిని బట్టి ప్రశ్నలు ఈ విధంగా ఉండవచ్చును.

6, 7 తరగతులు: పై నుండి నీటి మట్టం వరకు మెట్లు ఎన్ని? ఒక్కొక్క మెట్టు ఎత్తు ఎంత? మెట్లన్నీ సమానంగా ఉండవు కనుక పది మెట్లను కొలిచి సరాసరి కట్టి, మెట్ల సంఖ్యతో హెచ్చవేయవలెను. సరాసరి అన్న గణిత భావన దేనికి పనికివస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

8వ తరగతి: ప్రతి ఆదివారం నీరు ఎన్నవ మెట్టు వరకు ఉన్నదో రాసుకొని, అదే వారంలో కురిసిన వానతో పోల్చడం. వానమాపకాన్ని ఇంట్లోనే తయారు చేయవచ్చును. నిటారు గోడలు గల ప్లాస్టిక్ సీసా పైభాగాన్ని కోసి, దానినే తలక్రిందులుగా గరాటు వలె అమర్చి, సీసాకు స్కేలు అంటించవలెను. సీసా అడుగు సమతలంగా లేకుంటే స్కేలు సున్న వరకు నీరు పోసి ఉంచి, ఆ పైన చేరిన దానిని మాత్రమే లెక్కించవలెను. వాతావరణ శాఖ 2.5 మిల్లీమీటర్లు లేక అంతకు మించి వాన పడిన దినాన్నే వర్షపు దినంగా లెక్కిస్తుంది.

9, 10 తరగతులు: బావి చుట్టుపక్కల ఇళ్ల పైకప్పుల మీద పడే వాన నీటి అంచనా. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు అవుతుంది. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. 50 చదరపు మీటర్ల పైకప్పు మీద 50 × 800 = 40,000 లీటర్లు పడుతుంది. ఆవిరైనది, పొర్లిపోయినది ఐదవ వంతుగా తీసివేసినా 32,000 లీటర్లు మిగులుతుంది. ఆ ఇంటివారు రోజుకు ఎన్ని బిందెలు వాడుతున్నారో అడిగి, ఈ నీరు ఎన్ని రోజులకు సరిపోతుందో లెక్కకట్టడం ప్రాజెక్టులోని ముఖ్యమైన ఫలితం అవుతుంది.

సాంఘిక శాస్త్రం, తెలుగు: బావిలో నీరు తోడిన రోజులు, బావి పూడిపోయిన కాలం గుర్తున్న వృద్ధులను అడిగి రాయడం. పెద్దవారు సంవత్సరం చెప్పలేకపోవచ్చును. "మా పెద్దమ్మాయి పెళ్లయిన ఏడు" అంటారు. ఆ పెళ్లి సంవత్సరాన్ని ఇంట్లోని శుభలేఖ ద్వారా గాని, పిల్లల వయసుల ద్వారా గాని నిర్ధారించుకోవచ్చును. ఒకే సంగతిని కనీసం ముగ్గురిని వేరువేరుగా అడిగి, పొసగని చోట ఆ విషయాన్ని కూడా నివేదికలో రాయవలెను.

నీటి విషయంలో ఈ ప్రాంతానికి బాధాకరమైన అనుభవం కూడా ఉన్నది. 2009 మే నెలలో పక్కనే ఉన్న భోలక్‌పూర్‌లో కలుషితమైన తాగునీటి వల్ల పలువురు మరణించారు. మురుగు కాలువలోని నీరు తాగునీటి గొట్టంలో కలిస్తే ఏమవుతుందో ఇక్కడి పెద్దలకు పుస్తకం చూడకుండానే తెలుసు. అందువలన "మా వీధిలో తాగునీటి గొట్టం మురుగు కాలువను ఎన్ని చోట్ల దాటుతున్నది?" అనే ప్రశ్న మార్కుల కోసమే వేసినట్లు అనిపించదు. కుళాయి నీటిలో మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండవలెనని భారతీయ ప్రమాణం. దానిని రంగు మార్పు ద్వారా తెలిపే కిట్లు దొరుకుతాయి. వాటిలోని రసాయనాలను ఉపాధ్యాయుడే వాడి చూపవలెను. ఫలితాన్ని విద్యార్థులు నమోదు చేస్తే చాలును.

సమాచార సేకరణ, నమోదు

ప్రతి ప్రాజెక్టుకు ఒక దినచర్య పుస్తకం ఉండవలెను. తేదీ, వేళ, చోటు, చూసినది, కొలిచినది, ఎవరిని అడిగినది అందులో అక్కడికక్కడే రాయవలెను. కొట్టివేతలు, మట్టి మరకలు ఉన్నా పర్వాలేదు. దానిని సాపు చేసి తిరిగి రాయించరాదు. పిల్లవాడే పని చేసినాడనడానికి మొదటి సాక్ష్యం ఈ పుస్తకమే.

ఇతరులను ప్రశ్నించేటప్పుడు ముందుగా తాము ఎవరో, ఏ బడి వారో, ఎందుకు అడుగుతున్నారో చెప్పి అనుమతి పొందవలెను. పది ప్రశ్నలకు మించకుండా, అవునని గాని కాదని గాని జవాబు వచ్చేవి కొన్ని, వివరంగా చెప్పించేవి కొన్ని సిద్ధం చేసుకొనవలెను. ఇంటివారి పేర్లు, ఫోను నంబర్లు నివేదికలో రాయకూడదు.

బావులు, నాలాలు, రద్దీ రోడ్లు ఉన్న చోటికి పిల్లలను ఒంటరిగా పంపరాదు. మెట్లబావి వంటి చోట నిర్వాహకుల అనుమతి తీసుకొని, పెద్దవారి తోడుతో, నీటికి దూరంగా ఉన్న మెట్ల మీద మాత్రమే పని చేయించవలెను.

నివేదిక

నివేదికలో ప్రశ్న, దానిని ఎంచుకున్న కారణం, పని చేసిన విధానం, కొలతల పట్టిక, ఫలితం, పరిమితులు, సూచనలు అనే భాగాలు వరుసగా ఉంటాయి. వీటిలో పరిమితులను చాలామంది వదిలివేస్తారు. "మూడవ ఆదివారం సీసా గాలికి పడిపోయినది, ఆ వారం లెక్క లేదు" అని రాయడం నివేదికకు లోపం కాదు. అది చదివేవారికి మిగిలిన అంకెల మీద నమ్మకం కలిగిస్తుంది. అనుకున్నది రుజువు కాకపోయినా ఉన్నది ఉన్నట్లు రాయవలెను. సూచనలు కూడా పని చేసిన మేరకే ఉండవలెను. పది ఇళ్ల చెత్తను తూచినవారు దేశమంతటికీ సలహా ఇవ్వనవసరం లేదు. ఆ పది ఇళ్లకు ఏమి చేయవచ్చునో చెబితే సరిపోతుంది.

సమర్పణ

సమర్పణకు సాధారణంగా పది నిమిషాల లోపు సమయం ఉంటుంది. ఎనిమిది నిమిషాలు దొరికినప్పుడు ప్రశ్నకు ఒక నిమిషం, విధానానికి రెండు, ఫలితాలకు మూడు, పరిమితులకు ఒకటి, ముగింపుకు ఒకటి చొప్పున పంచుకొనవచ్చును.

* చార్టులు నాలుగుకు మించనవసరం లేదు. ఒక్కొక్క చార్టు ఒక్క సంగతినే చెప్పవలెను. పది అడుగుల దూరం నుండి చదవడానికి అక్షరం సుమారు ఒక అంగుళం ఎత్తు ఉండవలెను.
* కంప్యూటరు ద్వారా చూపేటప్పుడు తెర మీద ఉన్నదంతా చదవరాదు. తెర మీద పట్టిక, పటం ఉంచి, వివరణ నోటితో చెప్పవలెను.
* మొత్తం పాఠాన్ని కంఠస్థం చేయించరాదు. ఒక్క మాట మరచిపోతే అటువంటి పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. ఐదు చీటీలపై ఐదు ముఖ్యమైన మాటలు రాసుకొంటే చాలును.
* బృందంలో ఎవరు చేసిన పని గురించి వారే చెప్పవలెను. బాగా మాట్లాడే పిల్లవానికి మొత్తం అప్పగిస్తే, కొలతలు తీసిన పిల్లవాడు చార్టు పట్టుకొని నిలబడవలసి వస్తుంది.
* విషయం తెలియని వారి ముందు, అంటే ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యల ముందు ఒకసారి చెప్పించవలెను. వారికి అర్థం కానిచోట భాషను సరళం చేసుకొనవలెను.
* పరిశీలకులు అడిగిన దానికి జవాబు తెలియనప్పుడు "తెలియదండీ, దానిని మేము కొలవలేదు" అని చెప్పవచ్చును. ఎట్లా కొలవవచ్చునో కూడా చెప్పగలిగితే అదే మంచి జవాబు.

పెద్దల పాత్ర

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు చేయదగిన సహాయం కొంత ఉన్నది, చేయరాని సహాయం కొంత ఉన్నది. ప్రశ్నను చిన్నది చేయడం, అనుమతులు తీసుకోవడం, తోడుగా వెళ్లడం, ప్రమాదకరమైన పనిని తాము చేయడం, "నీకు ఇది ఎట్లా తెలిసింది?" అని పదే పదే అడగడం మొదటి రకం. అంశాన్ని తామే నిర్ణయించడం, నివేదికను తామే రాయడం, అంకెలను సవరించడం, చార్టును తామే అందంగా గీసి ఇవ్వడం రెండవ రకం. పిల్లవాని గీతలు వంకరగా ఉన్నా అతడు వాటిని వివరించగలుగుతాడు. పెద్దలు గీసిన తిన్నని గీతలను వివరించలేడు.

విమర్శలు

ప్రాజెక్టు పనిపై కొన్ని విమర్శలు చాలాకాలంగా ఉన్నవి. స్టేషనరీ దుకాణాల్లో తయారు చేసిన నమూనాలు, ముద్రించిన బొమ్మల కాగితాలు అమ్ముడవుతున్నవి. అంతర్జాలం నుండి నకలు చేయడం అలవాటైనది. ఇటీవల కృత్రిమ మేధ ఉపకరణాలు నిమిషంలో నివేదిక మొత్తం రాసి ఇస్తున్నవి. ఒక్కొక్క సబ్జెక్టుకు ఏడాదికి నాలుగు ప్రాజెక్టులు చేయవలసి రావడం వల్ల పిల్లలకు తీరిక దొరకదు. పెద్ద తరగతుల్లో ఉపాధ్యాయులకు ప్రతి పుస్తకాన్ని చదివే సమయం ఉండదు.

వీటన్నిటికంటె తీవ్రమైనది అసమానత. అలంకరణను చూసి మార్కులు వేసినప్పుడు రంగు కాగితాలు, థర్మోకోల్ కొనగలిగిన ఇంటి పిల్లవాడే ముందుంటాడు. కూలిపనికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లవాడు, వీధిలోని ప్రతి కుళాయి సంగతీ తెలిసినవాడైనా, వెనుకబడతాడు. ప్రశ్నకు, దినచర్య పుస్తకానికి, మౌఖిక వివరణకు మార్కులు వేసినప్పుడు ఈ స్థితి తారుమారవుతుంది. బిందె పట్టుకొని వరుసలో నిలబడిన అనుభవం అప్పుడు సమాచారం అవుతుంది.

ఇందుకు కొన్ని పాఠశాలల్లో ప్రాజెక్టు పనిని బడి వేళల్లోనే చేయించడం, ఏడాదికి ఒక్కటైనా సమగ్రంగా పూర్తి చేయించడం, ఒకే ప్రశ్నను రెండు మూడు సబ్జెక్టులకు వర్తింపజేయడం వంటి పద్ధతులు పాటిస్తారు. మెట్లబావి కొలతలు గణితానికి, వాన లెక్క సామాన్య శాస్త్రానికి, పెద్దల జ్ఞాపకాలు తెలుగుకు, సాంఘిక శాస్త్రానికి ఉపయోగపడతాయి. అప్పుడు పిల్లవాడు నాలుగు చార్టులకు బదులు ఒక్క బావిని తెలుసుకుంటాడు.